డబ్బా బయట ఎస్‌ఎంపీఎస్

కంప్యూటర్‌లోంచి ఊడదీసిన పవర్ సప్లయ్‌కి, అంటే ఎస్‌ఎంపీఎస్‌కి, పవర్ కార్డు పెట్టి స్విచ్ వేస్తే ఏమీ జరగదు. ఫ్యాను తిరగదు. ఎర్ర వైరులో గానీ పసుపు వైరులో గానీ వోల్టేజీ ఉండదు. పాడైందని మూలన పడేసిన వాటిలో కొన్ని నిజానికి బాగున్నవే. మదర్‌బోర్డు నుంచి రావలసిన ఒక సంకేతం కోసం ఆగి ఉంటాయి, అంతే. ఆ సంకేతం బయటి నుంచి ఇవ్వడం సులువు. ఒక వైరు ముక్క చాలు. కానీ ఫ్యాను తిరిగిందంటే ఎస్‌ఎంపీఎస్ బాగున్నట్టేనని అనుకోవడం దగ్గరే చాలామంది పొరబడతారు. మొదలవడం వేరు, లోడు మోయడం వేరు.

ఎస్‌ఎంపీఎస్ లోపల పని రెండు భాగాలుగా సాగుతుంది. గోడ సాకెట్‌లోని 230 వోల్టుల ఏసీని ముందు నాలుగు డయోడ్ల బ్రిడ్జి డీసీగా మారుస్తుంది. 230 అనేది ఆర్‌ఎంఎస్ విలువ. తరంగ శిఖరం దానికి 1.414 రెట్లు, అంటే సుమారు 325 వోల్టులు. లోపలి పెద్ద కెపాసిటర్లు ఆ శిఖరం దాకా నిండుతాయి. కరెంటు నాణ్యతను సరిదిద్దే యాక్టివ్ పీఎఫ్‌సీ సర్క్యూటు ఉన్న కొత్త రకాల్లోనైతే 380 వోల్టులు కూడా దాటుతుంది. ఈ డీసీని ట్రాన్సిస్టర్లు సెకనుకు పదుల వేలసార్లు తెగ్గొట్టి ఫెరైట్ ట్రాన్స్‌ఫార్మర్‌కి అందిస్తాయి. అవతలి చుట్టల్లో పుట్టిన తక్కువ వోల్టేజీని మళ్లీ డీసీ చేసి, కాయిళ్లు, కెపాసిటర్లతో హెచ్చుతగ్గులు తగ్గించి బయటికి పంపుతారు. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ ట్రాన్స్‌ఫార్మర్ కోరు చిన్నదవుతుంది. 50 హెర్ట్జ్ దగ్గర కిలోలకొద్దీ ఇనుము కావలసిన పనిని ఇక్కడ అగ్గిపెట్టె అంత ఫెరైట్ ముక్క చేసేస్తుంది.

ఈ స్విచింగ్ పద్ధతి మొదటి నుంచీ ఉన్నది కాదు. హైదరాబాద్‌లో ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ ఉంది. 1967లో ఎ.ఎస్.రావు నాయకత్వంలో మొదలైన ఆ సంస్థ టీడీసీ వరుస కంప్యూటర్లు తయారుచేసింది. హైదరాబాద్ తూర్పు భాగంలో ఎలక్ట్రానిక్స్ పనికి పునాది అదే. ఆ తొలి రోజుల్లో ప్రపంచమంతటా ఎలక్ట్రానిక్ పరికరాలు ఎక్కువగా బరువైన ఇనుప ట్రాన్స్‌ఫార్మర్ల మీదే నడిచేవి. చిన్న కంప్యూటర్‌లోకి స్విచింగ్ పద్ధతిని తెచ్చి పేరు పొందింది 1977 నాటి ఆపిల్-2. దాని పవర్ సప్లయ్‌ని రూపొందించిన ఇంజినీరు రాడ్ హోల్ట్. 1981లో వచ్చిన తొలి ఐబీఎం పీసీలో ఉన్నది 63.5 వాట్ల సప్లయ్ మాత్రమే. ఇవాళ ఒక్క గ్రాఫిక్స్ కార్డే అంతకు ఎన్నో రెట్లు లాగుతుంది.

ఆ తొలి పీసీల కాలపు సప్లయ్‌లను డబ్బా బయట ఆన్ చేయడానికి వైరు కలిపే చిట్కా అవసరం లేదు. వాటి స్విచ్ నేరుగా 230 వోల్టుల లైనులోనే ఉండేది. 1995లో ఇంటెల్ తెచ్చిన ఏటీఎక్స్ ప్రమాణం ఈ ఏర్పాటును మార్చింది. ముందు వైపు బటన్ కరెంటును తెంచే స్విచ్ కాకుండా మదర్‌బోర్డుకు కబురు పెట్టే మీటగా మారింది. ఆ కబురు అందుకోవాలంటే మదర్‌బోర్డులో కొంత భాగం ఎప్పుడూ మేలుకొని ఉండాలి. అందుకని ఎస్‌ఎంపీఎస్‌లో రెండో చిన్న సప్లయ్ పెట్టారు. గోడ స్విచ్ వేయగానే అది మొదలై ఊదా రంగు వైరులో 5 వోల్టులు ఇస్తూ ఉంటుంది. దీన్నే స్టాండ్‌బై అంటారు. షట్‌డౌన్ చేసిన కంప్యూటర్‌లో కూడా మదర్‌బోర్డు మీది చిన్న లైటు వెలుగుతూ ఉండడానికి కారణం ఇదే.

ఆకుపచ్చ వైరు ఆ తరవాతి మెట్టు. దీని పేరు పీఎస్-ఆన్. లోపలి నుంచి ఒక రెసిస్టర్ దీన్ని పైకి లాగి ఉంచుతుంది కాబట్టి మామూలుగా దీని మీద కొన్ని వోల్టులు కనబడతాయి. మదర్‌బోర్డు దీన్ని నలుపు వైరుకి, అంటే గ్రౌండుకి కలిపితే పెద్ద సప్లయ్ మేలుకుంటుంది, వదిలేస్తే ఆగిపోతుంది. ఇందులో పారే కరెంటు ఒకటి రెండు మిల్లీ ఆంపియర్లే. పేపర్ క్లిప్పుతో కలిపినా వేడెక్కకపోవడానికి కారణం అదే. 24 పిన్నుల కనెక్టర్‌లో ఇది 16వ పిన్ను, పాత 20 పిన్నుల దానిలో 14వది. దానికి రెండు పక్కలా ఉన్నవి నల్ల వైర్లే కావడం మంచి గుర్తు. అన్ని వైర్లూ నల్లగానే ఉండే కొత్త మాడ్యులర్ కేబుళ్లలో రంగును నమ్మే వీలుండదు, పిన్నులు లెక్కపెట్టాలి. కొక్కెం ఉన్న వరసలోని పిన్నులే 13 నుంచి 24 దాకా.

పరీక్ష కళ్లతో, ముక్కుతో మొదలవుతుంది. కాలిన వాసన వస్తున్నా, కదిపితే లోపల ఏదైనా గలగలమన్నా స్విచ్ వేయకూడదు. గాలి రంధ్రాల్లోంచి టార్చి వేస్తే పై కప్పు ఉబ్బిన కెపాసిటర్లు, పొరలుగా పేరుకున్న దుమ్ము కనబడతాయి. వెచ్చదనం వెతుక్కుంటూ చేరిన బొద్దింకలు కూడా అప్పుడప్పుడు కనబడతాయి, ఇది నవ్వులాటకు చెప్పే మాట కాదు. 230 వోల్టుల వైపు రెండు రాగి దారుల మధ్య పడిన పురుగు షార్ట్‌కి చాలు. పాత రకాల వెనక 115, 230 అని రాసిన చిన్న ఎర్ర స్విచ్ ఉంటుంది. అది 115 మీద ఉండగా మన సాకెట్‌లో పెడితే లోపలి వోల్టేజీ రెట్టింపై కెపాసిటర్లు పేలతాయి. అమెరికా నుంచి తెచ్చిన పాత కంప్యూటర్ల విషయంలో దీన్ని చూడకుండా ముందుకు వెళ్లకూడదు.

మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు నేరుగా గోడ సాకెట్ వాడకపోవడం అనుభవజ్ఞుల అలవాటు. రిపేరు బల్ల మీద ఉండే సీరీస్ బోర్డు ఇందుకే. ఫేజు వైరులో వరసగా ఒక బల్బు హోల్డరు, ఆ తరవాత ఒక సాకెట్, ఇంతే దాని నిర్మాణం. హోల్డరులో 100 వాట్ల ఫిలమెంటు బల్బు పెట్టి, సాకెట్‌కి ఎస్‌ఎంపీఎస్ తగిలిస్తారు. ఎస్‌ఎంపీఎస్ లోపల పూర్తిగా షార్ట్ అయి ఉన్నా బల్బు 0.43 ఆంపియర్లకు మించి పోనివ్వదు. ట్రాన్సిస్టర్లు మరోసారి పేలవు, ఇంటి ఫ్యూజు పోదు. చదవడం కూడా తేలికే. బాగున్న ఎస్‌ఎంపీఎస్ అయితే కెపాసిటర్లు నిండే క్షణంలో బల్బు ఒక్కసారి మెరిసి ఆరిపోతుంది. మెరిసి అలాగే నిండుగా వెలుగుతూ ఉంటే బ్రిడ్జి డయోడ్లో, స్విచింగ్ ట్రాన్సిస్టర్లో షార్ట్ అయినట్టు. అసలు మెరవనే లేదంటే లోపలి ఫ్యూజో, కార్డో తెగి ఉండవచ్చు. ఇంత చౌకగా ఇంత సమాచారం ఇచ్చే పరికరం మరొకటి లేదు. ఎల్‌ఈడీ బల్బు మాత్రం ఈ పనికి రాదు, దానికి ఫిలమెంటులా కరెంటును అదుపుచేసే గుణం లేదు. సీరీస్ బల్బు ఉండగా లోడు పెట్టి పరీక్షించకూడదు. వోల్టేజీ పడిపోయి బాగున్నది కూడా చెడినట్టు కనబడుతుంది.

బల్బు ఆరిపోయాక ఎస్‌ఎంపీఎస్‌ని మామూలు సాకెట్‌కి మార్చి, మల్టీమీటర్‌ని డీసీ 20 వోల్టుల రేంజిలో పెట్టి, నల్ల ప్రోబును ఏదైనా నల్ల వైరు పిన్నుకి ఆనించి, ముందు ఊదా వైరు చూడాలి. అక్కడ 4.75 నుంచి 5.25 వోల్టుల మధ్య రాకపోతే ఆకుపచ్చ వైరును కలిపి లాభం లేదు. స్టాండ్‌బై లేనిదే పెద్ద సప్లయ్ మేలుకోదు. ప్రోబును కనెక్టర్ ముందు నుంచి కాక వైరు దూరే వెనక వైపు నుంచి దూర్చడం మంచిది. ముందు నుంచి జారితే పక్క పిన్నుని తాకుతుంది, పసుపుకీ ఎరుపుకీ మధ్య ఆ తాకిడి ఖరీదైనది.

తరవాత స్విచ్ ఆపి, ఆకుపచ్చను నలుపుకి కలిపి, మళ్లీ స్విచ్ వేయాలి. ఫ్యాను తిరిగితే కొలతలు తీసుకోవచ్చు. పసుపు వైరులో 11.40 నుంచి 12.60, ఎరుపులో 4.75 నుంచి 5.25, నారింజలో సుమారు 3.14 నుంచి 3.47 వోల్టులు ఉండాలి, అంటే చెప్పిన విలువకు అటూఇటూ 5 శాతం. నీలం వైరులో మైనస్ 12 వోల్టులు. దానికి 10 శాతం సడలింపు ఉంది. ఫ్యాను తిరగకపోయినా తొందరపడకూడదు. లోడు తక్కువగా ఉన్నప్పుడు ఫ్యానును ఆపి ఉంచే రకాలు ఇప్పుడు చాలానే ఉన్నాయి. మీటరే సాక్షి.

బూడిద రంగు వైరుకి వేరే పని ఉంది. దాని పేరు పవర్ గుడ్. వోల్టేజీలన్నీ కుదురుకున్నాక 100 నుంచి 500 మిల్లీసెకన్ల వ్యవధి తరవాత అది 5 వోల్టుల దాకా లేస్తుంది. అది లేచేదాకా మదర్‌బోర్డు ప్రాసెసర్‌ని రీసెట్‌లోనే పట్టి ఉంచుతుంది. అన్ని రంగుల్లోనూ సరైన వోల్టేజీ ఉండి బూడిద వైరు సున్నా దగ్గరే ఉండిపోతే, ఫ్యాన్లు తిరుగుతాయి, తెర మాత్రం నల్లగానే ఉంటుంది. అప్పుడు ర్యామును, మదర్‌బోర్డును అనుమానించి డబ్బు వదిలించుకునేవాళ్లు తక్కువేమీ కాదు.

ఇంతవరకు చేసిన పరీక్ష ఖాళీగా ఉన్న ఎస్‌ఎంపీఎస్ మీద జరిగింది. ఎండిపోయిన కెపాసిటర్ ఉన్నది కూడా ఖాళీగా ఉన్నప్పుడు 12.1 చూపించగలదు. కాబట్టి లోడు కావాలి. ఎరుపుకీ నలుపుకీ మధ్య 10 ఓమ్‌ల సిమెంటు రెసిస్టర్ పెడితే అర ఆంపియరు పారుతుంది, 2.5 వాట్ల వేడి పుడుతుంది. 10 వాట్ల రెసిస్టర్ అయితే నిబ్బరంగా తట్టుకుంటుంది. కోఠీలో ఎలక్ట్రానిక్స్ విడిభాగాలు అమ్మే చోట ఇవి దొరుకుతాయి. 12 వోల్టుల వరసకు వాహనాల బల్బులే మంచి లోడు. 21 వాట్ల ఇండికేటర్ బల్బు 1.75 ఆంపియర్లు లాగుతుంది. 55 వాట్ల హెడ్‌లైటు బల్బు సుమారు 4.6 ఆంపియర్లు. అయితే చల్లగా ఉన్న ఫిలమెంటు నిరోధం వేడెక్కిన దానిలో పదో వంతు మాత్రమే. హెడ్‌లైటు బల్బు వెలిగే మొదటి క్షణంలో పది రెట్ల కరెంటు అడుగుతుంది, ఎస్‌ఎంపీఎస్ దాన్ని షార్ట్ అనుకుని ఆగిపోవచ్చు. అలా ఆగినది పాడైనట్టు కాదు. చిన్న బల్బుతో మొదలుపెట్టి ఒక్కొక్కటి కలుపుకుంటూ పోవాలి. అలా ఆగిపోయిన ఎస్‌ఎంపీఎస్ మళ్లీ లేవాలంటే గోడ స్విచ్ ఆపి కొంతసేపు ఉంచాలి, రక్షణ సర్క్యూటు తన పట్టు అప్పుడే వదులుతుంది.

ఏ వరస మీద ఎంత లోడు పెట్టాలన్నదీ ముఖ్యమే. చౌక రకాల్లో 12, 5 వోల్టుల రెండింటినీ ఒకే కంట్రోలు సర్క్యూటు కలిపి చూస్తుంది. టీఎల్494, కేఏ7500 వంటి చిప్పులు ఈ పనికి దశాబ్దాలుగా వాడుకలో ఉన్నాయి. 12 వైపు మాత్రమే లోడు పెడితే అక్కడ వోల్టేజీ తగ్గుతుంది. దాన్ని పైకి లాగబోయి సర్క్యూటు మొత్తాన్ని పెంచుతుంది, ఖాళీగా ఉన్న 5 వోల్టులు హద్దు దాటుతాయి. ఎరుపు మీద ఆ 10 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టడం ఇందుకే. కొన్ని పాత ఎస్‌ఎంపీఎస్‌లు ఈ కనీస లోడు లేనిదే అసలు మొదలవవు, లేదా మొదలై వెంటనే ఆగుతాయి. మంచి కొత్త రకాల్లో ప్రధాన సప్లయ్ 12 వోల్టులు మాత్రమే తయారుచేస్తుంది, 5, 3.3 వోల్టులను దాని నుంచి విడిగా తీస్తారు. వాటిలో ఈ బాధ లేదు.

లోడు పెట్టాక పదిహేను ఇరవై నిమిషాలు నడవనివ్వాలి. వోల్టేజీ మెల్లగా జారుతోందా, వెనక నుంచి వచ్చే గాలి వేడెక్కుతోందా, సన్నని ఈల వంటి శబ్దం ఉందా అన్నవి అప్పుడే తెలుస్తాయి. మీటరుకు అందనిది రిపుల్ ఒక్కటి. డీసీ మీద మిగిలిపోయిన ఈ చిన్న అలలు 12 వోల్టుల వరసలో శిఖరం నుంచి లోయకు 120 మిల్లీవోల్టులు, 5, 3.3 వరసల్లో 50 మిల్లీవోల్టులు దాటకూడదు. దీన్ని చూడాలంటే ఆసిలోస్కోపు కావాలి. పాలిటెక్నిక్, ఇంజినీరింగ్ కాలేజీల ల్యాబుల్లో అది ఉంటుంది. దాని ఎర్త్ క్లిప్పును ఎస్‌ఎంపీఎస్ లోపలి 325 వోల్టుల వైపు తగిలించడం మాత్రం పెద్ద ప్రమాదం, క్షణంలో పేలుతుంది. బయటికి వచ్చే నల్ల వైరుకే తగిలించాలి.

ఎస్‌ఎంపీఎస్‌లు చనిపోవడంలో ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లది పెద్ద వాటా. పని చేసే చోట వేడి ప్రతి 10 డిగ్రీలు పెరిగినప్పుడల్లా వాటి ఆయుష్షు దాదాపు సగమవుతుందని లెక్క. 40 డిగ్రీలు దాటే హైదరాబాద్ వేసవిలో, రేకుల గదిలో, దుమ్ముతో మూసుకుపోయిన ఫ్యానుతో నడిచిన ఎస్‌ఎంపీఎస్ ముందుగా పోవడం వింతేమీ కాదు. పెద్ద కెపాసిటర్లు నీరసించినప్పుడు కనబడే లక్షణం ఒకటి ఉంది. కరెంటు పోయినప్పుడు యూపీఎస్ ఉన్నా కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది. ఏటీఎక్స్ ప్రమాణం ప్రకారం ఇన్‌పుట్ ఆగాక కూడా సుమారు 16 మిల్లీసెకన్లు వోల్టేజీ నిలబడాలి. ఇళ్లలో వాడే యూపీఎస్ బ్యాటరీకి మారడానికి తీసుకునేది సాధారణంగా 10 మిల్లీసెకన్ల లోపు. కెపాసిటర్‌లో సత్తువ తగ్గితే ఆ వ్యవధిని దాటించలేదు. జనం యూపీఎస్‌ని తిట్టుకుంటారు.

మూత విప్పడం గురించి నిక్కచ్చిగా చెప్పాలి. ప్లగ్గు తీసినా పెద్ద కెపాసిటర్లలో చార్జి ఉంటుంది. 470 మైక్రోఫారడ్‌లవి రెండు వరసగా ఉండి 325 వోల్టులకు నిండితే వాటిలో దాచిన శక్తి సుమారు 12 జూళ్లు. చార్జిని మెల్లగా ఖాళీ చేసే రెసిస్టర్లు ఉంటాయి గానీ అవి కాలిపోయి ఉంటే చెప్పేవారెవరూ ఉండరు. కొన్ని హీట్‌సింకులు కూడా ఆ వైపు వోల్టేజీ మీదే ఉంటాయి. ఈ పని తెలియనివారు మూత జోలికి పోకుండా చేయగల పరీక్షలే పైన చెప్పినవన్నీ.

పరీక్ష గట్టెక్కిన ఎస్‌ఎంపీఎస్ కంప్యూటర్ లేకుండా ఏళ్ల తరబడి పనికొస్తుంది. ప్రాజెక్టులు చేసే విద్యార్థికి 12, 5, 3.3 వోల్టులు, ఆప్-ఆంప్ సర్క్యూట్లకు మైనస్ 12 ఒకేచోట దొరుకుతాయి. ఆకుపచ్చ, నలుపు వైర్ల మధ్య పేపర్ క్లిప్పు బదులు చిన్న స్విచ్, ఊదా వైరుకి రెసిస్టర్‌తో ఒక ఎల్‌ఈడీ, మిగతావాటికి స్క్రూ టెర్మినళ్లు పెడితే బల్ల మీది సప్లయ్ సిద్ధం. ఎల్‌ఈడీ స్ట్రిప్పులు, కారు స్టీరియోలు, రౌటర్లు దీని మీద చక్కగా నడుస్తాయి. ప్రతి టెర్మినల్‌కి విడిగా ఒక ఫ్యూజు ఉండడం విలాసం కాదు. 12 వోల్టుల వరస 15, 20 ఆంపియర్లు ఇవ్వగలదు. సన్నని హుకప్ వైరు షార్ట్ అయితే ఎస్‌ఎంపీఎస్ దాన్ని మామూలు లోడే అనుకుని ఇస్తూ పోవచ్చు, ఈలోగా వైరు మీది ప్లాస్టిక్ కరుగుతుంది. చేతికి ఉంగరమో కడియమో ఉంటే తీసేయాలి.

దీనితో చేయకూడనివీ ఉన్నాయి. 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీని దీనితో చార్జి చేయలేం. నిండడానికి దానికి 13.8 వోల్టులైనా కావాలి. పైగా ఎస్‌ఎంపీఎస్ ఆగితే బ్యాటరీ కరెంటు వెనక్కి ప్రవహిస్తుంది. రెండు ఎస్‌ఎంపీఎస్‌లను వరసగా కలిపి 24 వోల్టులు తీయాలన్న ఆలోచన కూడా చాలామందికి వస్తుంది. నల్ల వైరు, ఇనుప డబ్బా, గోడ ఎర్త్ మూడూ లోపల కలిసే ఉంటాయి కాబట్టి రెండోదాని నల్ల వైరు మొదటిదాని పసుపు వైరుని ఎర్త్‌కి షార్ట్ చేస్తుంది. అందుకోసం ఎర్త్ పిన్ను పీకేసేవారున్నారు. అది మరీ చెడ్డ పని. లోపలి ఫిల్టరులో ఫేజు నుంచి, న్యూట్రల్ నుంచి డబ్బాకు చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఎర్త్ లేకపోతే డబ్బా సగం మెయిన్స్ వోల్టేజీకి, సుమారు 115 వోల్టులకు తేలుతుంది. ఎర్తింగ్ సరిగా లేని పాత ఇళ్లలో కంప్యూటర్ డబ్బాని తాకితే జిల్లుమనేది దీనివల్లే. కరెంటు మిల్లీ ఆంపియరులోపే కాబట్టి మామూలుగా ప్రాణం మీదికి రాదు. కానీ అదే డబ్బాలో నిజమైన లీకేజీ పుట్టిన రోజున కాపాడేది ఆ ఎర్త్ వైరొక్కటే.

లేబుల్ మీది వాట్లను కూడా అలాగే నమ్మకూడదు. పెద్ద అక్షరాల్లో 450 అని ఉండి, కింద చిన్న పట్టికలో 12 వోల్టుల దగ్గర 14 ఆంపియర్లని ఉంటే, ఆ వరస ఇవ్వగలిగేది 168 వాట్లే. ఇప్పటి కంప్యూటర్లు ఎక్కువగా లాగేది ఆ వరస నుంచే. పెద్ద కంపెనీల బ్రాండెడ్ డెస్క్‌టాప్‌ల విషయంలో మరో జాగ్రత్త కావాలి. 1990ల చివర వచ్చిన కొన్ని డెల్ మోడళ్లలో కనెక్టర్ ఏటీఎక్స్‌లాగే ఉంటుంది, పిన్నుల వరస మాత్రం వేరు. తరవాత కొన్ని కంపెనీలు 12 వోల్టులు మాత్రమే ఇచ్చే సొంత కనెక్టర్లకు మారాయి. అలాంటి చోట పైన చెప్పిన రంగులు, పిన్ను నంబర్లు వర్తించవు. ఆ మోడల్ పిన్ను పట్టిక చూశాకే వైరు కలపాలి.

పరీక్షలో నెగ్గని ఎస్‌ఎంపీఎస్‌ని చెత్తబుట్టలో వేయకూడదు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం ఇలాంటి వాటిని అధీకృత రీసైక్లర్లకు చేర్చాలి. రాగి కోసం తగలబెడితే వైర్ల పీవీసీ నుంచి విషపు పొగ వస్తుంది. ఇచ్చేముందు పవర్ కార్డును ఉంచుకోవచ్చు. కనెక్టర్ ఉన్న వైర్ల గుత్తిని రెండు మూడు అంగుళాలు వదిలి కత్తిరించి దాచుకుంటే మరో ఎస్‌ఎంపీఎస్‌లో పాడైన కనెక్టర్ స్థానంలో అతకడానికి పనికొస్తుంది.